తాత పెన్ను మీద నాలుగు ముద్రలు

మా నాయన సంవత్సరీకం అయిపోయిన మర్నాడు చిత్తూరు గ్రీమ్స్‌పేట ఇంట్లో బీరువా సర్దుతుంటే, అమ్మ ఒక పాత సబ్బుపెట్టె తీసింది. దాని లోపల తెల్లగుడ్డలో చుట్టిన వెండి పెన్ను. "మీ తాత పెన్ను. దొర పోతా పోతా ఇచ్చినాడంట. మన ఇంట్లో ఇంకుపెన్నుతో రాసేది నువ్వొక్కదానివే, నీ దగ్గరే పెట్టుకో" అని నా చేతిలో పెట్టింది.

ఆ కథ నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే. తాత చిత్తూరు కలెక్టరాఫీసులో గుమాస్తా. 1947లో తెల్లదొర ఒకాయన సామాన్లు సర్దుకుని కాట్పాడి రైలెక్కే ముందు, తన జేబులో పెన్ను తీసి తాత జేబులో పెట్టాడట. ఆ దొర పేరు ఎవరికీ తెలియదు. పెన్నును మాత్రం మేమెవరం చూడలేదు. నాయన దాన్ని ఎప్పుడూ బయటికి తీయలేదు, దాంతో ఒక్క అక్షరం రాయగా కూడా నేను చూడలేదు.

నేను తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను. పేపర్లు దిద్దేది ఎర్రసిరా పోసుకున్న ఇంకుపెన్నుతోనే. కాబట్టి పెన్నులంటే కొంచెం తెలుసు. వెండి గురించి మాత్రం పూజసామాన్లు తోముకోవడం తప్ప ఏమీ తెలియదు. ఆ రాత్రి తిరుపతికి వచ్చే బస్సులో పెన్నును తిప్పి తిప్పి చూస్తుంటే, మూత అంచు దగ్గర సన్నగా గీకినట్టు వరసగా ఏవో గుర్తులు కనిపించాయి. వేలితో తడిమితే తెలుస్తున్నాయి, కంటికి ఆనడం లేదు. అక్కడ మొదలైంది ఇదంతా. మొత్తం తేలడానికి నాకు దాదాపు ఏడు నెలలు పట్టింది.

ముందు ఒక బాధ చెప్పాలి. సంవత్సరీకానికి ముందు అమ్మ ఇంట్లో ఉన్న వెండి సామాన్లన్నీ మెరుగుకు వేసింది. కుందులు, హారతి పళ్ళెం, పంచపాత్ర, వాటితో పాటు ఈ పెన్ను కూడా. ఆ దుకాణంలో అన్నిటినీ ఒకే రకంగా మోటారు చక్రానికి పట్టేశారు. పెన్ను అద్దంలా మెరుస్తోంది గానీ, ముద్రల అంచులు అరిగిపోయాయి. పాత వెండి మీద ముద్ర లోతు ఎంతో ఉండదు. చక్రానికి రెండుసార్లు ఆనిస్తే చాలు, వెండితో పాటు దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా పొడిగా రాలిపోతాయి. విభూదితోనో పళ్ళపొడితోనో ఏళ్ళ తరబడి గట్టిగా తోమినా అంతే. మీ ఇంట్లో ముద్రలున్న పాత వెండి ఏదైనా ఉంటే, దయచేసి ముద్రలు చదివి ఫొటో తీసుకునేదాకా మెరుగుకు ఇవ్వకండి. నల్లబడి ఉంటే ఉండనీయండి. నిజానికి ముద్ర గుంటల్లో ఉన్న ఆ నలుపే చదవడానికి సాయం చేస్తుంది.

మా పాప ఫోన్‌లో తీసిన మొదటి ఫొటోల్లో పైనున్న ట్యూబులైటు వెలుగు తప్ప ఏమీ పడలేదు. నున్నగా గుండ్రంగా ఉన్న వెండి ఫొటోకి లొంగదు. వెలుతురు పైనుంచి కాకుండా పక్కనుంచి, బాగా వాలుగా పడాలి. సాయంత్రం ఐదు గంటలకు మేడ మీద, ఎండ ఏటవాలుగా వచ్చే వేళ తీస్తే కొంచెం నయమనిపించింది. మూడు వందలు పెట్టి పది రెట్లు చూపించే చిన్న భూతద్దం కొన్నాను. దాన్ని ఫోన్ కెమెరాకు ఆనించి తీస్తే ఒక అక్షరం కనిపించింది. 'ఎమ్'. దాని పక్కన నాలుగు కాళ్ళ జంతువు లాంటిది. ఇంకోటి మసగ్గా ఉంది.

ఇంగ్లండు వెండి ముద్రల గురించి చదవడం మొదలుపెట్టాను. అక్కడ అమ్మకానికి పోయే వెండి వస్తువును ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరీక్షా కార్యాలయంలో పరీక్షించి ముద్ర వేస్తారు. ఈ పద్ధతి చాలా పాతది. చిరుతపులి తల ముద్ర 1300లో చట్టంగా వచ్చింది. 1478లో లండన్ కంసాలుల సంఘం పరీక్ష పనిని తమ గోల్డ్‌స్మిత్స్ హాల్‌లోనే పెట్టించింది. హాల్‌లో వేసే మార్కు కాబట్టి హాల్‌మార్క్. మనం నగల దుకాణంలో రోజూ వాడే మాట పుట్టింది ఆ భవనం నుంచే. ఏడాదికో అక్షరం వేయడం కూడా ఆ 1478లోనే మొదలైంది. మనలాంటి వాళ్ళు తర్వాతెప్పుడో వయసు లెక్కపెట్టుకోవాలని కాదు, రేపు ఆ వెండిలో కల్తీ బయటపడితే ఆ ఏడాది పరీక్షించిన మనిషి ఎవరో తెలిసి నిలదీయాలని. నడుస్తున్న సింహం 1544 నుంచి ఉంది. ఆ సింహం ఉందంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి అని అర్థం. దాన్నే స్టెర్లింగ్ అంటారు.

ఇంగ్లండు అంటే లండనే కదా అనుకుని లండన్ అక్షరాల పట్టిక చూశాను. లండన్‌వాళ్ళు ఇరవై అక్షరాలతో ఒక వరస నడిపేవారు, 'ఎ' నుంచి 'యు' దాకా, మధ్యలో 'జె' వదిలేసి. 1936లో పెద్ద 'ఎ'తో ఒక వరస మొదలైంది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. 'ఎమ్' దగ్గరికి వచ్చేసరికి 1947.

నా గుండె ఝల్లుమంది. అప్పటికప్పుడు అమ్మకు ఫోన్ చేశాను. "నేను చెప్పలా?" అనింది. మేనత్తకు చెప్పాను. ఆమె తన పిల్లలకు చెప్పింది. రెండు రోజుల్లో బంధువులందరికీ తెలిసిపోయింది, దొర పెన్ను మీద 1947 అని రాసుందని.

అలా ఏమీ రాసి లేదని వారం తిరక్కుండానే తెలిసింది.

వెండి నిజంగా స్టెర్లింగేనా అని చూపిద్దామని గాంధీ రోడ్డు సందులో నాకు తెలిసిన ఆచారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన పని ఎక్కువగా మొక్కుబడి వెండే, కొండకు పోయేవాళ్ళు కొనుక్కునే కళ్ళు, పాదాలు, చిన్న కిరీటాలు. గీటురాయి బయటికి తీస్తుంటే వద్దన్నాను, గీటు పడితే పెన్ను అరుగుతుంది కదా అని. ఆయన భూతద్దం కంటికి బిగించుకుని చాలాసేపు చూసి, "రాయి అక్కర్లేదులే మా. బయటోళ్ళ ముద్ర ఉండాది. కావాలంటే కంప్యూటర్లో పెట్టించు, దేనికీ దెబ్బ తగలదు" అన్నాడు. ఆ పక్కనే ఉన్న టెస్టింగ్ సెంటర్లో పెట్టిస్తే రెండు నిమిషాల్లో చీటీ ఇచ్చారు. 92 టచ్ మీద కొంచెం చిల్లర, అంటే నూటికి 92 పాళ్ళ పైచిలుకు వెండి. స్టెర్లింగే.

ఆచారి ఇంకో మాటన్నాడు. "నువ్వు తలకిందులుగా పట్టుకోని చూస్తాండావు మా. ఆ జంతువు కాళ్ళు పైకున్నాయి చూడు."

ఇంటికొచ్చి, అమ్మమ్మ చేసే పద్ధతిలో ఆముదం దీపానికి పట్టిన కాటుక మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, దాన్నే వాడాను. పాత వెండి చూసేవాళ్ళు వస్తువును మండే కొవ్వొత్తి పొగకు పట్టి, ఆ మసి మీద సెలోటేపు అంటించి, పీకి తెల్లకాగితం మీద అతికిస్తారని చదివాను. పెన్నును మంటకు చూపించడం నాకు ఇష్టం లేదు. లోపల ప్లాస్టిక్ భాగాలుంటాయి, వెండికి వేడి వెంటనే పాకుతుంది. అందుకే చల్లటి కాటుకను వేలికొసతో పలచగా, పొడిపొడిగా అద్ది, టేపు నొక్కి తీశాను. మొదటి మూడుసార్లు కాటుక ఎక్కువై మొత్తం నల్లటి మచ్చే వచ్చింది. నాలుగోసారి కాటుకలో కొంచెం టాల్కం పౌడరు కలిపాక ముద్రలు తేటగా దిగాయి. ఆ కాగితం ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది.

సింహం కాళ్ళు కిందికి ఉండేలా కాగితాన్ని తిప్పాను. మసగ్గా ఉన్న ముద్ర లంగరు అయింది, ఓడ లంగరు. 'ఎమ్' కాస్తా 'డబ్ల్యూ' అయింది. నాలుగోది తయారుచేసినవాళ్ళ పొడి అక్షరాలు, అవి మెరుగులో దాదాపు పోయాయి.

ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు ఇదే చేయాలని నా అనుభవం. అక్షరాన్ని ముందు చూడకూడదు. ముందు సింహాన్ని నిలబెట్టాలి. అది ఎడమవైపు నడుస్తూ, ముందుకాలు ఒకటి ఎత్తి ఉంటుంది. ఆ తర్వాత ఊరి ముద్ర. చిరుతపులి తల అయితే లండన్, లంగరు అయితే బర్మింగ్‌హామ్. షెఫీల్డుది 1974 దాకా కిరీటం, 1975 నుంచి గులాబీ. ఊరు తేలిన తర్వాతే అక్షరం, ఎందుకంటే 1974 దాకా ఒక్కో ఊరికి ఒక్కో పట్టిక. లండన్‌లో 'ఎమ్' చెప్పే ఏడాది ఒకటి, బర్మింగ్‌హామ్‌లో 'ఎమ్' చెప్పేది ఇంకొకటి. 1975కు ముందు లండన్ వరసలో అసలు 'డబ్ల్యూ' అనేదే రాదు, 'యు'తో ఆగిపోతుంది.

బర్మింగ్‌హామ్‌లో పరీక్షా కార్యాలయం 1773లో పార్లమెంటు చట్టంతో వచ్చింది. దానికోసం పోరాడింది మాథ్యూ బౌల్టన్. జేమ్స్ వాట్‌తో కలిసి ఆవిరియంత్రాలు చేసిన ఆ బౌల్టనే. అంతకుముందు ఆయన తన ఫ్యాక్టరీలో చేసిన వెండిని ముద్రల కోసం చెస్టరు దాకా పంపాల్సి వచ్చేది. దారిలో గీతలు పడేవి, రోజులు వృథా అయ్యేవి. సముద్రమే లేని ఊరికి లంగరు గుర్తు రావడం నాకు వింతగా అనిపించింది. ఆ చట్టం కోసం తిరిగే రోజుల్లో బర్మింగ్‌హామ్‌వాళ్ళూ షెఫీల్డువాళ్ళూ లండన్‌లో క్రౌన్ అండ్ యాంకర్, అంటే కిరీటం-లంగరు అనే సత్రంలో కలుసుకునేవారని, షెఫీల్డు కిరీటాన్నీ బర్మింగ్‌హామ్ లంగరునూ అలా పంచుకున్నారని ఒక కథ చెప్తారు.

బర్మింగ్‌హామ్ వరసలో ఇరవై అయిదు అక్షరాలు. 'ఐ' ఉండదు, 'జె'తో తికమక వస్తుందని. 1925లో పెద్ద 'ఎ'తో మొదలుపెట్టి లెక్కిస్తే 'డబ్ల్యూ' ఇరవై రెండోది. 1946. అప్పట్లో అక్కడ అక్షరం జనవరిలో కాదు, జూలైలో మారేది. అంటే 1946 జూలై నుంచి 1947 జూన్ దాకా. దొర వెళ్ళిపోయే ముందటి ఏడాది! ఇది మొదటిదానికన్నా ఇంకా బాగా కుదిరింది. 1947లో ముద్ర పడిన పెన్ను అదే ఏడాది చిత్తూరు దాకా వచ్చి, ఒకరు వాడి, ఇంకొకరికి ఇవ్వడం కొంచెం కష్టం. 1946 అయితే సరిగ్గా సరిపోతుంది. పెన్ను క్లిప్పు దగ్గర యార్డ్-ఓ-లెడ్ అని కంపెనీ పేరుంది. ఆ కంపెనీ 1934లో మొదలైందని తెలిశాక నా నమ్మకం ఇంకా గట్టిపడింది. ఆ పేరు వెనక లెక్క కూడా నాకు భలే నచ్చింది. వాళ్ళ మరపెన్సిల్లో మూడేసి అంగుళాల ములుకులు పన్నెండు పడతాయి, కలిపితే ముప్పై ఆరు అంగుళాలు, అంటే ఒక గజం.

మళ్ళీ అందరికీ ఫోన్లు చేశాను. 47 కాదు, 46 అని.

ఈ అక్షరాల పద్ధతి మనకు కొత్తేమీ కాదని కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. నా పెళ్ళి 2008లో. అప్పుడు కొన్న గాజులు తీసి భూతద్దంతో చూస్తే, మన దేశపు ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, ఇరవై రెండు క్యారట్లని చెప్పే 916, పరీక్షించిన సెంటర్ గుర్తు, కొట్టువాళ్ళ గుర్తు, వాటి మధ్య 'జె' అనే ఒక్క అక్షరం. మన దేశంలో బంగారానికి హాల్‌మార్కు 2000లో మొదలైంది. ఆ ఏడాదికి 'ఎ', 2001కి 'బి', అలా లెక్కపెడితే, ఇక్కడా 'ఐ' వదిలేసి, 2008కి 'జె'. పదిహేడేళ్ళుగా చేతికున్న గాజుల మీద నా పెళ్ళి ఏడాది రాసి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. 2017 నుంచి ఆ సంవత్సరం అక్షరాన్ని తీసేశారు. నాకది నష్టంలా అనిపిస్తుంది. ఇప్పుడు బంగారం మీద ఒక్కో నగకు వేరుగా ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు ఉంటుంది, ఫోన్లో కొడితే వివరాలొస్తాయి. కానీ నూరేళ్ళ తర్వాత ఎవరి మనవరాలైనా ఆ గాజును చేతిలో పట్టుకుని, వేళ్ళ మీద లెక్కపెట్టి ఏడాది చెప్పగలదా?

నేను పెన్ను ముద్రలు చదువుతున్నానని మా మేనత్త కొడుకు ద్వారా చిత్తూరులో ఒక రిటైరైన లాయరు గారికి తెలిసింది. ఆయన దగ్గర రెండు వెండి పార్కర్లున్నాయి, వచ్చి చూడమ్మా అన్నారు. ఒక ఆదివారం వెళ్ళాను.

మొదటిది పార్కర్ 75. ఒళ్ళంతా గళ్ళుగళ్ళుగా చెక్కిన వెండి, గళ్ళ మధ్య నల్లటి గీతలు. ఎంత వెతికినా సింహం లేదు, అక్షరం లేదు. స్టెర్లింగ్ అనే మాట తప్ప. ఆయన ముఖం చిన్నబోయింది, నకిలీదేమోనని. నకిలీ కాదు. అది అమెరికాలో చేసింది, అమెరికాలో ఇంగ్లండులా పరీక్షా కార్యాలయాలు లేవు. అక్కడ 1906 చట్టం ప్రకారం తయారీదారే స్టెర్లింగ్ అని కొట్టుకుంటాడు, మాట తప్పితే శిక్ష. కాబట్టి అలాంటి పెన్నుకు ముద్రలతో వయసు తేలదు, కట్టుబడి చూడాలి. ఆ మోడలు 1960ల్లో, కంపెనీకి డెబ్బై అయిదేళ్ళు నిండిన గుర్తుగా వచ్చింది, కంపెనీ పుట్టింది 1888. తొలి పెన్నుల్లో పాళీ కిందున్న లోహపు పట్టీ మీద చిన్న గీతలు, మధ్యలో సున్నా ఉంటాయి. పాళీని చేతివాటానికి తగ్గట్టు ఎంత తిప్పామో చూసుకోవడానికి. తర్వాత ఆ సున్నా తీసేశారు. ఈయన పెన్నులో సున్నా ఉంది. "మొదట్లో వచ్చినవాటిలోది సార్" అంటే ఆయన కళ్ళు మెరిశాయి. 1970ల్లో సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉన్నప్పుడు ఆ సీనియరే ఇచ్చారట.

రెండోది పార్కర్ సానెట్, అదీ గళ్ళ వెండే, ఫ్రాన్సులో చేసింది. దాని మీద నిలువు వజ్రం ఆకారంలో తయారీదారు ముద్ర, పక్కన శిరస్త్రాణం పెట్టుకున్న దేవత తల. ఆమె మినర్వా. ఫ్రాన్సు వెండికి ఆ తల 1838 నుంచి ఉంది. కానీ ఆమె స్వచ్ఛత చెప్తుంది, ఏడాది చెప్పదు. ఏడాది కోసం పార్కర్‌వాళ్ళ సొంత గుర్తు వెతకాలి. మూత అంచు మీద మేడ్ ఇన్ ఫ్రాన్స్ పక్కన రెండు నిలువు గీతలు, 'క్యూ' అనే అక్షరం కనిపించాయి. పార్కర్‌వాళ్ళు క్వాలిటీ పెన్ అనే రెండు మాటల్లోని పది అక్షరాలను సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలుగా పెట్టుకున్నారు. 'క్యూ' సున్నా, 'యు' ఒకటి, 'ఎ' రెండు, అలా చివరి 'ఎన్' తొమ్మిది. నిలువు గీతలు మూడుంటే ఏడాదిలో మొదటి మూడు నెలలు, రెండుంటే ఏప్రిల్ నుంచి జూన్, ఒకటుంటే జూలై నుంచి సెప్టెంబరు, ఏమీ లేకపోతే చివరి మూడు నెలలు.

"అయితే సున్నా అంటే 1990నా, 2000నా? అక్షరం రెండింటికీ ఒకటేగా?" అని ఆయన లాయరు ప్రశ్న వేశారు.

"1990కి సానెట్ ఇంకా రాలేదు సార్. అది 1993లో వచ్చింది. కాబట్టి ఆ రెండింట్లో ఇది 2000, ఏప్రిల్-జూన్ మధ్య చేసింది" అని తడుముకోకుండా చెప్పాను.

ఆయన తలూపారు. కాఫీ వచ్చింది. గ్లాసు చేతిలోకి తీసుకున్నాను గానీ తాగలేకపోయాను. అదే ప్రశ్న నా పెన్నును నేనెందుకు అడగలేదు? పది అక్షరాలు పదేళ్ళకు తిరిగొచ్చినట్టే, ఇరవై అయిదు అక్షరాలు ఇరవై అయిదేళ్ళకు తిరిగొస్తాయి. బర్మింగ్‌హామ్ 'డబ్ల్యూ' 1946లో వచ్చింది. మళ్ళీ 1971లో. మళ్ళీ 1996లో. మూడూ పెద్దక్షరాలే. నా పట్టికలో ఆ మూడు వరసలూ పక్కపక్కనే ఉన్నాయి. నేను మొదటి వరసలో ఆగిపోయాను, నాకు కావలసిన ఏడాది అక్కడ దొరికింది కాబట్టి. లండన్ పట్టికలోనూ చేసింది అదే.

ఇలాంటి తికమక రాకూడదనే ప్రతి వరసకూ అక్షరం పోతనూ, దాని చుట్టూ ఉండే చట్రం ఆకారాన్నీ మారుస్తారు. పట్టికల్లో అక్షరంతో పాటు చట్రాన్నీ చూపించేది అందుకే. నా పెన్ను మీద ఆ చట్రమే మెరుగు చక్రానికి పోయింది. అందుకే ముద్ర ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా మిగతా పెన్నును అడగాల్సి వచ్చింది.

ఆ రాత్రి పెన్ను మొత్తం విప్పాను. ఇంతకుముందే విప్పి ఉండాల్సింది. పాత వస్తువు పాడవుతుందేమోనన్న భయంతో మూత తప్ప ఏదీ తిప్పలేదు. ఒంటి భాగం మరలు తిప్పి తీస్తే లోపల ఇంకు పీల్చే ప్లాస్టిక్ గొట్టం, వెనక తిప్పే మర ఉన్న కన్వర్టర్. నేను పేపర్లు దిద్దే పెన్నులో ఉన్నలాంటిదే, దాన్ని తీసి ఇందులో పెడితే సరిగ్గా పట్టింది. 1946 నాటి పెన్నులో రబ్బరు తిత్తి ఉండాలి, లేదా పిస్టన్ ఉండాలి. ప్లాస్టిక్ కార్ట్రిడ్జితో నడిచే పెన్నులు బాగా వాడకంలోకి వచ్చింది 1950ల్లో. కన్వర్టర్ ఎవరైనా తర్వాత మార్చి ఉండొచ్చు, కానీ అది పట్టే మూతి పెన్నుతో పాటు పుట్టిందే. పైగా ఆ కంపెనీవాళ్ళు మొదట్లో చేసింది పెన్సిళ్ళే కదా. నేను చదివి మురిసిపోయిన ఆ గజం లెక్క కూడా పెన్సిలుదే. పాళీ మీద 750 అని ఉంది, పద్దెనిమిది క్యారట్ల బంగారం. ఇంకు మరక ఒక్కటీ లేదు. యాభై, డెబ్బై ఏళ్ళు వాడిన పెన్ను పాళీ అలా ఉండదు.

ఇంకో ఆధారం. ముద్రల్లో 925 అనే అంకె లేదు. 1999 నుంచి ఇంగ్లండులో ఆ అంకె తప్పనిసరి అయింది, ఏడాది అక్షరం మాత్రం ఇష్టమైతేనే. సింహం ఉండి, అక్షరం ఉండి, అంకె లేదంటే 1999కు ముందుది. అంటే 1971 గానీ, 1996 గానీ. 1975 నుంచి అన్ని ఊళ్ళవాళ్ళూ ఒకే అక్షరాన్ని, జనవరి ఒకటి నుంచి వాడాలని చట్టం వచ్చింది. కాబట్టి 1996 అయితే ఆ ఏడాది జనవరి నుంచి డిసెంబరు లోపల.

1946 మాత్రం కాదు. రాత్రి పన్నెండు దాటింది. పెన్ను ముక్కలన్నీ పాత పత్రిక మీద పరిచి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. తాత చేయి తగిలిన వస్తువు అనుకుని ఇన్ని నెలలు పట్టుకుని తిరిగాను. తాత పోయింది 1978లో. 1996 అయితే ఆయన దీన్ని చూడనే లేదు.

అమ్మకు చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఆమె ఒప్పుకోలేదు. "మీ నాయనే చెప్పినాడు, నేను చెవులారా విన్నాను" అనింది. ఏమని చెప్పాడమ్మా, ఎప్పుడు చెప్పాడు, ఎవరితో చెప్పాడు అని లాయరు గారిలాగే ఒక్కొక్కటీ అడిగాను. "మీ పెదనాయన వచ్చినప్పుడు. ఇద్దరూ నడవలో కూచున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. నాయన పెన్ను, నాయన పెన్ను అనుకుంటా ఉన్నారు."

పెదనాయన తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో చదివి, 1974లో ఇంగ్లండు వెళ్ళి అక్కడే డాక్టరుగా స్థిరపడ్డాడు. ఇప్పుడు ఎనభైకి దగ్గర. చెవి సరిగ్గా వినపడదని ఫోన్లో ఎక్కువ మాట్లాడడు. ఆయనకు కాటుక కాగితం ఫొటో పంపి, ఈ పెన్ను మీకు తెలుసా పెదనాయనా అని రాశాను. ఆయనే వెంటనే ఫోన్ చేశాడు.

"ఇంకా ఉందా అది?" అన్నాడు ముందు.

ఆయన కొన్నదే. 1996 డిసెంబరులో, బర్మింగ్‌హామ్‌లో జ్యువెలరీ క్వార్టర్ అనే నగల పేటలో, ఇండియాకు వచ్చే ముందు. ఆ సంక్రాంతికి చిత్తూరు వచ్చినప్పుడు తమ్ముడికిచ్చాడు. దొర ఇచ్చిన పెన్ను నిజంగానే ఉండేదట. నల్లది, మూతకు సన్నటి వెండి పట్టీ. "మేమిద్దరం బడికి ఎత్తుకుపోయి పోగొట్టినాము. ఎవరి చేతిలో పోయిందో ఇప్పటికీ తెలియదు. మీ తాత ఏమీ అనలేదు. ఒక్క మాట కూడా అనలేదు" అన్నాడు. కొంచెంసేపు ఆగి మళ్ళీ అన్నాడు. "ఇదిగోరా, నాయన పెన్ను అని వాడి చేతిలో పెట్టినా. వాడు దాన్ని చూస్తా కూచున్నాడు. రాస్తాడనుకున్నా. రాయలేదా?"

రాయలేదని చెప్పాను.

వాళ్ళిద్దరికీ అది నాయన పెన్ను. వంటింట్లో విన్న అమ్మకు, నాకు చెప్పేటప్పుడు అది మీ తాత పెన్ను. అందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

బంధువులకు మూడోసారి ఫోన్లు చేశాను. మేనత్త మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు, దొర పెన్నే అంటుంది. ఆమె చిన్నతనంలో చూసిన నల్లపెన్నునే తలుచుకుంటోందేమో, ఈ వెండిదాన్ని ఆమె చూడనే లేదు. వచ్చే నెల చిత్తూరు వెళ్ళినప్పుడు చూపిస్తాను.

లాయరు గారు చెప్పినట్టు పెన్నులో నీళ్ళు రెండుసార్లు నింపి వదిలి, ఆరబెట్టి, నీలంసిరా పోశాను. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి. పాళీ కొంచెం మొండికేసింది, నాలుగు గీతలు గీశాక జారింది. ఒక చీటీ రాసి సబ్బుపెట్టెలో పెట్టాను. దాని మీద ఇలా ఉంది: "బర్మింగ్‌హామ్ లంగరు. సింహం. డబ్ల్యూ, 1996. కొన్నది పెదనాయన. ఇచ్చింది నాయనకు, 1997 సంక్రాంతికి. తాత పెన్ను పోయినందుకు. మెరుగుకు వేయకండి."

పెన్నును మాత్రం ఆ పెట్టెలో పెట్టలేదు.